రాజ్‌దూత్ 350: పట్టేసిన ఇంజన్, పాత బండి పునరుద్ధరణ

జపాన్‌లో పుట్టిన యమహా ఆర్‌డి 350 మోటారుసైకిలుకు భారతీయ రూపం రాజ్‌దూత్ 350. ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి 1989 వరకు దీన్ని మన దేశంలో తయారుచేసింది. పక్కపక్కన రెండు సిలిండర్లు, గాలికి చల్లబడే 347 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, ఆరు గేర్లు దీని ప్రధాన లక్షణాలు. బుల్లెట్, యెజ్డీ, రకరకాల స్కూటర్లు తిరిగే రోడ్లమీదికి వచ్చిన ఈ బండి అప్పట్లో ఎక్కువమందికి అందలేదు, అందినవాళ్ళలో చాలామంది నిలబెట్టుకోలేదు. ఇప్పుడు పాత బండ్లను బాగుచేయించుకునేవాళ్ళు దేశంలో ఎక్కువగా వెతికే మోటారుసైకిళ్ళలో ఇదొకటి. దొరికిన బండ్లలో చాలావాటికి ఉండే జబ్బు ఒకటే: ఇంజన్ పట్టేయడం. రాజ్‌దూత్ పునరుద్ధరణ అంటే ప్రధానంగా ఆ జబ్బుకు కారణం కనిపెట్టడమే. రంగూ మెరుపూ దాని తరవాతి మాట.

పుట్టుక

యమహా 1967లో వైఆర్1 అనే 350 తరగతి రెండు సిలిండర్ల బండిని తెచ్చింది. 1970లో వచ్చిన ఆర్5 మోడల్లో ఇంజన్ కొలతలు స్థిరపడ్డాయి. బోరు, అంటే సిలిండర్ వ్యాసం 64 మిల్లీమీటర్లు, స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం 54 మిల్లీమీటర్లు. క్రాంక్ కేసు అడ్డంగా, పైభాగం కిందిభాగంగా విడిపోతుంది. 1973లో దానికి ఆరో గేరు, రీడ్ వాల్వులు చేర్చి ఆర్‌డి 350గా అమ్మారు. కార్బురేటరుకూ సిలిండరుకూ మధ్య హార్మోనియం మెట్ల కింది రీడుల్లాంటి పలుచని ఉక్కు రేకులుంటాయి. ఇంజన్ లోపలికి పీల్చుకున్నప్పుడు అవి తెరుచుకుంటాయి, లోపల ఒత్తిడి పెరగగానే మూసుకుంటాయి. పీల్చుకున్న పెట్రోలు, గాలి మిశ్రమం వెనక్కి తన్నకుండా ఆపడమే వాటి పని. ఈ ఏర్పాటుతో తక్కువ వేగంలో కూడా ఇంజన్ బలంగా లాగింది. నిమిషానికి 7,500 చుట్ల దగ్గర 39 హార్స్‌పవర్ అనేది ఆ రోజుల్లో రెట్టింపు పరిమాణపు బండ్లను కంగారుపెట్టిన లెక్క. 1974లో 350 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్‌ను జియాకొమో అగొస్తినీ గెలిచింది కూడా యమహా రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ మీదే.

అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి గాలికి చల్లబడే 350 వెళ్ళిపోయి, నీళ్ళకు చల్లబడే ఎల్‌సి మోడల్ వచ్చాక మన దేశంలో దీని తయారీ మొదలైంది. మనకిచ్చింది కాస్త నెమ్మదింపచేసిన ఇంజన్. సైలెన్సర్లలోనూ సిలిండర్ గోడలోని రంధ్రాల్లోనూ, అంటే పోర్టుల్లోనూ మార్పులు చేసి శక్తిని 30.5 హార్స్‌పవర్‌కు, 1985 తరవాత 27కు తగ్గించారు. మొదటిదాన్ని హై టార్క్ అనీ రెండోదాన్ని లో టార్క్ అనీ పిలుస్తారు. పాత బండ్ల బేరాల్లో హెచ్‌టి, ఎల్‌టి అంటే ఇవే. జపాన్ బండికి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేది, ఇక్కడ ఏడంగుళాల డ్రమ్ము బిగించారు. ఇంత వేగానికి ఆ బ్రేకు చాలదన్న ఫిర్యాదు మొదటినుంచీ ఉంది. ‘ర్యాపిడ్ డెత్’ అని బండికి పెట్టిన పాడుపేరులో బ్రేకు వాటా ఎంతో, నడిపిన కుర్రాళ్ళ వాటా ఎంతో తేల్చడం కష్టం. ధర ఎక్కువ, మైలేజీ తక్కువ, స్పేర్లు దొరకవు. ఈ మూడూ కలిసి దాన్ని ఏడేళ్ళలోపే ముగించాయి.

ఇంజన్ ఎందుకు పట్టేస్తుంది

ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ఆయిల్ అడుగున నిలవ ఉండి, పంపు ద్వారా తిరుగుతూ ఉంటుంది. టూ స్ట్రోక్‌లో ఆ వెసులుబాటు లేదు. క్రాంక్ తిరిగే గది గుండానే పెట్రోలు, గాలి మిశ్రమం సిలిండరుకు చేరుతుంది. దానితో పాటు వచ్చే కొద్దిపాటి ఆయిల్ తుంపరలే క్రాంక్ బేరింగులకూ కనెక్టింగ్ రాడ్డుకూ పిస్టన్‌కూ ఆధారం. పని అయ్యాక ఆ ఆయిల్ కూడా కాలి పొగై పోతుంది. తుంపర ఆగితే, లేదా పెట్రోలు తగ్గి గాలి పాలు పెరిగితే పిస్టన్ వేడెక్కి ఉబ్బుతుంది. అల్యూమినియం పిస్టన్ ఇనుప సిలిండర్ గోడకంటే వేగంగా వ్యాకోచిస్తుంది. రెంటి మధ్య ఉన్న సందు మిల్లీమీటరులో నూటికి నాలుగు వంతులే. అది మాయమైన క్షణంలో పిస్టన్ గోడకు అంటుకుపోతుంది, వెనక చక్రం బిగుసుకుపోతుంది. క్లచ్ లివరు మీద రెండు వేళ్ళు ఎప్పుడూ ఉంచి నడపమని పాత ఆర్‌డివాళ్ళు చెప్పేది ఇందుకే.

గాలి ఎక్కడినుంచి చొరబడుతుందన్నది అసలు ప్రశ్న. ఈ ఇంజన్లో ఒక్కో సిలిండరుకు ఒక్కో క్రాంక్ గది ఉంటుంది. రెండూ గాలి చొరని గదులుగా ఉండాలి. క్రాంక్ రెండు చివర్లా రబ్బరు సీళ్ళుంటాయి. ఎడమవైపు సీలు అవతల ఆల్టర్నేటరు, అంటే పొడి గాలి. కుడివైపు సీలు అవతల క్లచ్, గేర్ ఆయిల్. కుడి సీలు పాడైతే ఇంజన్ గేర్ ఆయిల్ తాగుతుంది, తెల్లటి పొగ చిమ్ముతుంది, ఒక ప్లగ్గు తడిసి మొరాయిస్తుంది. చూసినవాడికి తెలిసిపోతుంది. ఎడమ సీలు పాడైతే పొగ రాదు, చప్పుడు మారదు, పైగా బండి కాస్త చురుగ్గా పరుగెత్తినట్టనిపిస్తుంది. మిశ్రమం పలచబడిందన్నమాట. తరవాత హైవే ఎక్కి పూర్తి యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు ఎడమ పిస్టన్ పోతుంది.

సీళ్ళు బండి నడవడంవల్ల కంటే నిలిచిపోవడంవల్లే ఎక్కువ చెడతాయి. పెరట్లో పదిహేనేళ్ళు నిలబడ్డ బండికి సీళ్ళ రబ్బరు గట్టిపడుతుంది, కార్బురేటరును సిలిండరుకు కలిపే రబ్బరు గొట్టం సన్నగా పగులుతుంది. అలాంటి బండి ప్లగ్గు మార్చి, కాస్త పెట్రోలు పోసి కిక్కు కొడితే స్టార్ట్ అయిపోవడం అరుదేమీ కాదు. అమ్మేవాడు దాన్ని గొప్పగా చూపిస్తాడు. నిజానికి ప్రమాదం అక్కడే ఉంది, ఎందుకంటే కొన్నవాడు దాన్నెక్కి ఇంటికి బయల్దేరతాడు. అసలు తిరగని ఇంజన్ కొన్నవాడే కొంత అదృష్టవంతుడు. విప్పి చూడక తప్పదు కాబట్టి చూస్తాడు.

పిస్టన్ సాక్ష్యం

పట్టేసిన ఇంజన్ విప్పగానే పాత పిస్టన్‌ను తుడిచి పక్కన పారేసే అలవాటు వర్క్‌షాపుల్లో ఉంది. అది తప్పు. ఏం జరిగిందో చెప్పగలిగింది ఆ పిస్టనే. చుట్టూ నాలుగు చోట్ల నిలువుగా గీతలుంటే, ఇంజన్ వేడెక్కక ముందే గట్టిగా తిప్పారని అర్థం: పిస్టన్ ఉబ్బింది, సిలిండర్ ఇంకా చల్లగా ఉంది. సైలెన్సర్ వైపు మాత్రమే గీరుకుపోయి ఉంటే అతివేడి, పలచని మిశ్రమం అనుమానించాలి. కార్బురేటర్ వైపు అంచు మసకబారి అరిగిపోతే ఎయిర్ ఫిల్టర్ లేకుండానో చిరిగినదానితోనో నడిపారు, దుమ్ము పోయింది. పిస్టన్ తలమీద అంచులు పొడిపొడిగా కొరికినట్టున్నా, నడిమధ్య చిల్లు పడినా నిప్పురవ్వ ముందుగా పడటం, నాసి పెట్రోలు, తప్పు ప్లగ్గు వంటివి చూడాలి. చుట్టూరా అన్నివైపులా గీరుకుని, పిస్టన్‌ను రాడ్డుకు కలిపే గజన్ పిన్ నీలిరంగుకు తిరిగితే ఆయిల్ అందలేదు. ప్లగ్గు కూడా చెబుతుంది: దాని తెల్లటి పింగాణీ మీద చిన్న మెరుపు చుక్కలు కనిపిస్తే అవి కరిగిన పిస్టన్ తునకలు.

రెండు సిలిండర్లలో ఒకటే పోయిందా, రెండూ పోయాయా అన్నది కూడా గమనించాలి. రెంటికీ పెట్రోలు ఒకటే, ఆయిల్ డబ్బా ఒకటే. ఒకటే పోయిందంటే తప్పు ఆ వైపు సీలులోనో రబ్బరు గొట్టంలోనో జెట్టులోనో టైమింగులోనో ఉంది. ఇది తేల్చకుండా కొత్త పిస్టన్ వేసి బిగిస్తే అదీ పోతుంది. ఒకే బండికి రెండుమూడుసార్లు బోరు చేయించి, చివరికి ‘ఈ బండి ఇంతే’ అని వదిలేసినవాళ్ళ కథలు ఆర్‌డి లోకంలో చాలా వినిపిస్తాయి. వాటిలో ఎక్కువభాగం ఈ ఒక్క పొరపాటు ఫలితాలే.

విప్పడం

బండిలో ఎక్కడెక్కడ ఏ తీగ పోతుందో, ఏ వాషరు ఏ బోల్టు కిందిదో ఫోటోలు తీసుకుంటూ విప్పాలి. జపాన్ ఇంజన్ల కవర్లకుండే ప్లస్ స్క్రూలు మామూలు ప్లస్ స్క్రూలు కావు. వాటికి జపాన్ ప్రమాణం వేరే ఉంది. మామూలు డ్రైవరు వాటి గాళ్ళను తినేస్తుంది. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరు, సరైన బిట్టు ఉంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

పిస్టన్ గోడకు బిగుసుకుని ఉంటే బలం వాడకూడదు. ప్లగ్గు రంధ్రంలోంచి డీజిలూ పల్చటి ఆయిలూ కలిపి పోసి రోజుల తరబడి నాననివ్వాలి. హెడ్డు తీశాక చెక్కముక్క ఆనించి మెల్లగా తట్టాలి. గేరు వేసి బండిని తోసి విడిపించే పద్ధతి వేగంగానే పనిచేస్తుంది, కనెక్టింగ్ రాడ్డును వంచడంలో కూడా అంతే వేగం.

సిలిండర్ గోడకు కరిగి అంటుకున్న అల్యూమినియాన్ని చూసి బోరు పోయిందని కంగారు పడనక్కర్లేదు. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను దూదిపుల్లతో ఆ మరకమీద మాత్రమే అద్దితే అల్యూమినియం నురగ కక్కుతూ కరిగిపోతుంది. ఇనుప లైనరుకు అంత తొందరగా హాని జరగదు. వెంటనే నీళ్ళతో కడిగి ఆరబెట్టి ఆయిల్ పుయ్యాలి. సిలిండర్ బయటి రెక్కలు కూడా అల్యూమినియమే కాబట్టి యాసిడ్ అటు కారకూడదు. గాలి ఆడేచోట, చేతి తొడుగులతో చేయాల్సిన పని. ఇలా శుభ్రం చేశాక కొన్ని బోర్లు హోనింగుతోనే, అంటే లోపలి గోడను సన్నగా రుద్దడంతోనే సరిపోతాయి.

క్రాంక్

ఇక్కడే డబ్బు, ఇక్కడే ఓపిక. ఈ క్రాంక్ ఒకే ముక్క కాదు. ఫ్లైవీలు ముక్కలు, పిన్నులు, రాడ్లు, బేరింగులు అన్నీ ప్రెస్సుతో ఒకదాంట్లో ఒకటి దిగ్గొట్టి కూర్చినది. దాన్ని నాలుగు బేరింగులు మోస్తాయి. మధ్యలో రెండు గదులనూ వేరుచేసే సీలు, అంటే రాపిడి లేని గాళ్ళ వరస, క్రాంక్‌ను పూర్తిగా విడదీస్తే తప్ప చేతికి రాదు.

నిలవ ఉన్న బండిలో క్రాంక్ గదిలో ఆయిల్ ఉండదు కనుక తేమ నేరుగా బేరింగుల మీద కూర్చుంటుంది. చేత్తో తిప్పినప్పుడు గరగర తగిలినా, గోళీల మీద తుప్పు చుక్క కనిపించినా బేరింగు మార్చాల్సిందే. కనెక్టింగ్ రాడ్డు పైచివరను పక్కకు ఊపి చూస్తారు. కొత్తదానికి మిల్లీమీటరు లోపు ఆట ఉంటుంది, రెండు మిల్లీమీటర్లు దాటితే కింది బేరింగు అరిగినట్టు లెక్క. పైకీ కిందికీ ఏమాత్రం ఆట ఉండకూడదు.

తిరిగి కూర్చాక క్రాంక్‌ను రెండు చివర్లా ఆనించి తిప్పుతూ డయల్ గేజీతో వంకర చూస్తారు. 0.03 మిల్లీమీటరుకు మించకూడదు. వంకర ఉంటే ఫ్లైవీలు అంచును రాగి సుత్తితో కొట్టి సరిచేస్తారు. యంత్రం చేయలేని పని ఇది. ఎక్కడ, ఎంత బలంతో కొట్టాలో తెలిసిన చేయి కావాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లేత్ షాపులకు కొదవ లేదు, బోరు కొట్టేవాళ్ళు వీధికి నలుగురుంటారు. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ క్రాంక్‌ను సరిగ్గా నిలబెట్టగలవాళ్ళు మాత్రం దేశం మొత్తంమీద తక్కువ. చాలామంది తమ క్రాంకును పార్సిల్ కట్టి వేరే రాష్ట్రానికి పంపుతారు, నెలలు ఆగుతారు. అందులో తప్పేమీ లేదు.

కేసు మూసేటప్పుడు బేరింగుల అంచున ఉన్న చిన్న పిన్నులు తమ గుంతల్లో కూర్చున్నాయో లేదో చూసుకోవాలి. కూర్చోకుండా బోల్టులు బిగిస్తే అల్యూమినియం కేసు పగులుతుంది. గతంలో రాడ్డు విరిగి కేసుకు చిల్లు పడ్డ ఇంజన్లను ఆర్గాన్ వెల్డింగుతో అతుకుతారు, కానీ అతికాక కలిసే తలాన్ని మళ్ళీ చదును చేయించకపోతే గాలి లీకు తప్పదు.

బోరు

ముందు పిస్టన్ కొనాలి, తరవాత దాన్ని చేతికిచ్చి బోరు చేయించాలి. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25 మిల్లీమీటరు మెట్లలో 1.00 దాకా ఉంటాయి. చివరి మెట్టుకు బోరు 65 మిల్లీమీటర్లవుతుంది, ఇంజన్ సుమారు 358 సీసీకి పెరుగుతుంది. ఆపైన కొత్త లైనరు వేయించడమే. డబ్బా మీద రాసిన సైజు నమ్మకుండా పిస్టన్‌ను అడుగు అంచుకు 10 మిల్లీమీటర్ల పైన, పిన్నుకు అడ్డంగా కొలవాలి. ఆ కొలతకు 0.04 మిల్లీమీటర్ల చుట్టుపక్కల సందు కలిపి బోరు తెరవాలి. ‘కాస్త టైటుగా పెడితే ఎక్కువకాలం వస్తుంది’ అనే లేత్ సలహా స్కూటర్లకు చెల్లిందేమో, ఇక్కడ మొదటి వేసవి ప్రయాణంలోనే పట్టిస్తుంది.

బోరు అయ్యాక సిలిండర్ గోడలోని పోర్టుల అంచులు కత్తిలా ఉంటాయి. వాటిని అరం పెట్టి గుండ్రం చేయకపోతే రింగు తట్టుకుని విరుగుతుంది. రింగు చివర్ల మధ్య ఖాళీ 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ చివరలు గాడిలోని చిన్న పిన్ను దగ్గరే కలవాలి.

ఆయిల్ పంపు తీసేయాలా

ఈ బండికి పెట్రోలులో ఆయిల్ కలపక్కర్లేదు. విడిగా ఒక డబ్బా, యాక్సిలరేటర్ కేబులుతో కలిసి పనిచేసే పంపు ఉంటాయి. యమహా దీన్ని ఆటోలూబ్ అంది. ఇంజన్ వేగాన్నీ యాక్సిలరేటరు తెరిచిన మేరనీ బట్టి పంపు ఆయిల్ పోస్తుంది. పంపు మీద నమ్మకం లేక చాలామంది దాన్ని తీసేసి లీటరుకు 30–40 మిల్లీలీటర్ల చొప్పున పెట్రోలులోనే కలుపుతారు. పంపు పాడవుతుందన్న భయం పోతుంది, నిజమే. కానీ అరకు ఘాట్‌లో యాక్సిలరేటర్ మూసి, గేరులో ఇంజన్ తిప్పుతూ దిగుతున్నప్పుడు పెట్రోలు రాదు, దాంతోపాటే ఆయిలూ రాదు. పంపు ఉంటే అప్పుడు కూడా ఎంతో కొంత పడుతూనే ఉంటుంది. పంపును బాగుచేసుకుని ఉంచడమే మేలు. గొట్టాల్లో గాలి బుడగలు లేకుండా ఆయిల్ పారించి, కేబులు గుర్తులు సరిచేసి, మొదటి ట్యాంకు పెట్రోలులో అదనంగా కొంచెం ఆయిల్ కలిపితే సరిపోతుంది.

నిప్పు, గాలి

ఒక్కో సిలిండరుకు నిప్పురవ్వ పుట్టించే ఒక్కో జత సీబీ పాయింట్లు, ఒక్కో కాయిలు ఉంటాయి. పాయింట్ల సందు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకొసకు చేరడానికి సుమారు 2 మిల్లీమీటర్ల ముందు నిప్పురవ్వ పడాలి. దీన్ని కంటి అంచనాతో కాక ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజీ దించి, రెండు సిలిండర్లకూ విడివిడిగా పెట్టాలి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు మారినవాళ్ళకు పాయింట్ల సందు చూసుకునే బాధ తప్పుతుంది.

ఇంజన్ మూశాక, బండికి ఎక్కించక ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. మన దగ్గర దీన్ని చేసేవాళ్ళు తక్కువ. సైలెన్సర్ మూతినీ కార్బురేటర్ మూతినీ రబ్బరుతో మూసి, లోపలికి 0.4 బార్ ఒత్తిడిలో గాలి కొట్టి ఐదారు నిమిషాలు వదిలేయాలి. ముల్లు దిగకూడదు. దిగితే సబ్బునీళ్ళు పూసి బుడగ ఎక్కడొస్తుందో చూడాలి. ఖరీదైన పరికరం అక్కర్లేదు. బీపీ చూసే పాత యంత్రంలోని గాలి బుడ్డి, ముల్లు ఉన్న గేజీ చాలు, దాని 300 గుర్తు దాదాపు ఇదే ఒత్తిడి. అరగంట పట్టే ఈ పరీక్ష చేయకుండా వేల రూపాయల పిస్టన్లను పణంగా పెట్టడం ఏ లెక్కనా సమంజసం కాదు.

పెట్రోలు కూడా మారింది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆ కాలపు రబ్బరు గొట్టాలకూ సీళ్ళకూ పడదు, తేమను పీల్చి ట్యాంకుకు తుప్పు పట్టిస్తుంది. దానికి తట్టుకునే కొత్త రబ్బరు వాడాలి. బండిని నెలలపాటు నిలపాల్సివస్తే కార్బురేటర్ ఖాళీ చేయాలి.

పైమెరుగు

తుప్పు పట్టిన ట్యాంకును చెరకు మడ్డి కలిపిన నీళ్ళలో రెండుమూడు వారాలు ముంచి ఉంచితే తుప్పు మెత్తగా వదిలిపోతుంది, రేకు దెబ్బతినదు. వాసన మాత్రం ఇరుగుపొరుగుతో మాటపడేంతగా ఉంటుంది. క్రోమ్, రంగు, స్టిక్కర్ల గురించి ప్రతి పట్టణంలోనూ చెప్పగలవాళ్ళున్నారు.

ఎంత కొత్తగా చేయాలన్నదే అసలు తగువు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఆమోదించిన టురిన్ చార్టర్, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటానికి మొదటి స్థానమిచ్చింది. కొత్తగా తయారుచేయడం చివరి మార్గమే. మన దగ్గర వరస తలకిందులైంది. 1983 నాటి రంగు ఇంకా మిగిలిన ట్యాంకును గీకి, ఫ్యాక్టరీ ఎప్పుడూ వేయని మెరుపు వేస్తారు. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు పెట్టించడాన్ని మాత్రం తప్పుపట్టలేం. రోజూ రోడ్డెక్కే బండికి ప్రాణరక్షణ ముందు, డ్రమ్మును దాచి ఉంచుకుంటే ఎప్పుడైనా తిరిగి వేసుకోవచ్చు.

చట్టం ఏమంటుంది

ఫీవా లెక్కలో 30 ఏళ్ళు దాటిన వాహనం చారిత్రకం. 2021లో సవరించిన మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం వింటేజ్ హోదాకు తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు నిండాలి. అలాంటి వాహనానికి ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. అసలు రూపం మారకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. ఈ లెక్కన మొట్టమొదటి రాజ్‌దూత్ 350కి కూడా 2033 దాకా ఆ నంబరు రాదు. అప్పటివరకు అది చట్టం కళ్ళకు పదిహేనేళ్ళు దాటిన మామూలు పాత బండే. ఐదేళ్ళకోసారి ఆర్‌సి పునరుద్ధరణ, బీమా, కాలుష్య ధ్రువపత్రం తప్పవు. ఇంజన్ నంబరూ చాసిస్ నంబరూ ఆర్‌సితో కలవని బండిని ఎంత చవగ్గా వచ్చినా కొనవద్దు.